పిల్లలున్న ఇంట్లో మరకలు, వాసనలు: ఎందుకు పోవు, ఎలా పోతాయి

వంటసోడా మీద వెనిగర్ పోయగానే బుస్సున నురగ పొంగుతుంది. మురికినంతా పెకలిస్తున్నట్టే కనిపిస్తుంది గానీ ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి ఖర్చు చేసేసుకుని, చివరికి మిగిలేది కాస్త సోడియం అసిటేట్ కలిసిన నీళ్ళు. ఆ నీళ్ళతో తుడిచి, ఇంట్లో చేసుకునే క్లీనర్లు ఎందుకూ పనికిరావని తేల్చేసేవాళ్ళు చాలామంది. రెండూ మంచివే, కానీ ఒకదాని పని ఇంకోదానికి రాదు. అందుకే సీసా అందుకునే ముందు ఆ మురికి ఏ జాతిదో చూసుకోవాలి.

పాలు, వాంతి, రక్తం, మలం ప్రోటీన్ మురికి: వీటికి చన్నీళ్ళు, ఎంజైములున్న బట్టల పొడి. నూనె, క్రీములు, క్రేయాన్ లాంటి జిడ్డుకి గిన్నెల లిక్విడ్, వంటసోడా. నీళ్ళ తెల్లచారలు, పాత మూత్రపు ఘాటు క్షార గుణమున్నవి కాబట్టి వాటికి వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు. మురికి పోయాక మిగిలిన రంగుని ఎండ గానీ 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ చూసుకుంటాయి. ఇక్కడ వెనిగర్ అన్నచోటల్లా 5 శాతం ఆమ్లమున్న తెల్ల వెనిగర్ అనే అర్థం.

పరుపు ఆరింది, వాసన పోయింది, ముసురు పట్టగానే మళ్ళీ వస్తోంది

పక్క తడిపిన పరుపుతో వచ్చే అసలు తలనొప్పి ఇదే. మూత్రంలోని యూరియా నీళ్ళలో కరిగి పోతుంది. యూరిక్ ఆమ్లం అంత తేలిగ్గా కరగదు, సన్నని స్ఫటికాలుగా దూది లోపలో ఫోమ్ లోపలో ఉండిపోతుంది. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన మళ్ళీ లేస్తుంది. పైపైన అత్తరు చల్లినా, సబ్బు నీళ్ళతో రుద్దినా లోపలి స్ఫటికాలకి అంటదు. రుద్దితే తడి ఇంకా లోతుకి దిగుతుంది కూడా.

తడి ఇంకా ఆరకముందే చూస్తే పని సులువు. పొడి తువ్వాలు మడిచి పెట్టి, దాని మీద మోకాలితో బరువు వేసి అదమండి. తువ్వాలు మారుస్తూ, కొత్త తువ్వాలుకి చెమ్మ అంటనంత వరకూ అదుముతూనే ఉండాలి. తర్వాత వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి స్ప్రే చేసి పది నిమిషాలాగి మళ్ళీ అదమాలి. ఇక్కడ చాలామంది వెంటనే సోడా చల్లేస్తారు, అది బుసబుసలాడి ఊరుకుంటుంది. ఫ్యాను కింద ముప్పావు వంతు ఆరనిచ్చి, అప్పుడు సోడా పలచగా పరిచి కనీసం ఎనిమిది గంటలు వదిలి, వాక్యూమ్‌తో లాగేయాలి. సోడా పరిచి ఉన్నంతసేపు, దులిపేటప్పుడు పిల్లల్ని ఆ గదిలో ఉంచకండి. ఆ పొడి ముక్కుకి, గొంతుకి మంచిది కాదు.

పాత మరకకి వేరే దారి. 240 మిల్లీలీటర్ల 3 శాతం పెరాక్సైడ్‌లో మూడు టేబుల్ స్పూన్ల వంటసోడా, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, బాగా కలిపి వెంటనే స్ప్రే చేయాలి. పూర్తిగా ఆరాక పైన తేలిన తెల్లపొడిని వాక్యూమ్ చేయాలి. మూడు జాగ్రత్తలున్నాయి. మిగిలిన ద్రవాన్ని మూత బిగించి దాచకూడదు, ఆక్సిజన్ పుడుతూనే ఉంటుంది కాబట్టి సీసా ఉబ్బి పగలొచ్చు. రంగు గుడ్డ మీద వెలిసిపోతుంది, కాబట్టి ఓ మూల పరీక్షించి చూడాలి. వెనిగర్ వాడిన రోజునే దీన్ని వాడకూడదు. రెండూ కలిస్తే కళ్ళు, ఊపిరితిత్తులు మండించే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది.

అప్పటికీ వాసన మిగిలితే యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్ క్లీనరే దిక్కు. పైన చల్లితే సరిపోదు, మూత్రం ఎంత లోతుకి దిగిందో అదీ అంత లోతుకి దిగాలి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉండాలి. ఆవిరి యంత్రం మాత్రం తేవద్దు. వేడికి ప్రోటీన్ గడ్డకట్టి మరక స్థిరపడుతుంది.

ఉతికిన గుడ్డ డైపర్లే, తడవగానే కళ్ళు మండేంత ఘాటు

శుభ్రంగా ఉన్నట్టే ఉంటాయి, బిడ్డ ఒక్కసారి తడపగానే అమ్మోనియా కొడుతుంది. గుడ్డలో మిగిలిన బాక్టీరియా యూరియాని అమ్మోనియాగా మారుస్తోందన్నమాట. మిగలడానికి కారణం ఎక్కువసార్లు మూడింట్లో ఒకటి: రాత్రి డైపర్‌ని పొద్దున జాడించకుండా బకెట్‌లో పడేయడం, బిడ్డ చర్మానికి మంచిదని పొడి మరీ తక్కువ వేయడం, లేదా గట్టి నీళ్ళ ఖనిజాలు దారాలకి పొరలా పట్టడం. మూడోది ఎలా తెలుస్తుందంటే, గుడ్డ అట్టలా బిర్రబిగుస్తుంది, నీటి చుక్క వేస్తే పీల్చకుండా ముత్యంలా నిలుస్తుంది. బట్టల సాఫ్ట్‌నర్ వాడినా ఇలాగే నిలుస్తుంది. ఆ మెత్తదనమంతా దారాలకి పూసిన మైనపు పూతే, డైపర్‌కీ తువ్వాలుకీ దాన్ని అసలు వాడకూడదు.

రాత్రి డైపర్‌ని లేవగానే చన్నీళ్ళలో జాడించి, నీళ్ళు పిండేసి పెట్టండి. ముందు చన్నీళ్ళ ఉతుకు, తర్వాత 60 డిగ్రీల దగ్గర ఎంజైమ్ పొడితో అసలు ఉతుకు. పొడి మోతాదు ప్యాకెట్ మీద బాగా మురికైన బట్టలకి ఎంత రాశారో అంతా వేయాలి. గట్టి నీళ్ళయితే ఒక లోడుకి రెండు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా కలపొచ్చు. వంటసోడా, వాషింగ్ సోడా ఒకటి కావు. వాషింగ్ సోడా చాలా ఘాటైన క్షారం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలకి అందనివ్వద్దు.

చివరి జాడింపులో వెనిగర్ పోస్తే ఆ పూటకి వాసన తగ్గిన మాట నిజమే, ఆమ్లం అమ్మోనియాని అణుస్తుంది. కానీ బాక్టీరియా అక్కడే ఉంటుంది. రోజూ పోస్తే నడుము ఎలాస్టిక్, మెషిన్ రబ్బరు పట్టీ రెండూ త్వరగా పాడవుతాయి. మూత్రమున్న గుడ్డ మీద బ్లీచ్ వేయడం ఇంకా ప్రమాదం. అమ్మోనియా, బ్లీచ్ కలిస్తే క్లోరమైన్ వాయువు వస్తుంది, వెనిగర్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది. రెండూ మూసిన బాత్‌రూమ్‌లో ఊపిరాడనివ్వవు.

పసుపురంగు మిగిలిపోతే అది మురికి కాదు, పైత్యరసపు రంగు. ఉతికిన డైపర్‌ని తడిగానే ఎండలో పరవండి. రెండు మూడు గంటల్లో వెలిసిపోతుంది. క్యారెట్ గుజ్జు నారింజ మరకా అంతే, ముందు గిన్నెల లిక్విడ్‌తో జిడ్డు తీసి తర్వాత ఎండ చూపించాలి.

దాచిపెట్టిన చిన్న బట్టలకి పసుపు మచ్చలు

తెల్లగా మడిచి పెట్టినవే, రెండో బిడ్డకని తీస్తే మెడ దగ్గర, ఛాతీ మీద మచ్చలు. కక్కిన పాల కొవ్వు ఉతుకులో పూర్తిగా పోలేదు, కంటికి కనిపించని ఆ పొర నెలల తరబడి గాలి తగిలి పసుపెక్కింది. మచ్చ మీద గిన్నెల లిక్విడ్ చుక్కలు వేసి వేళ్ళతో మెత్తగా రుద్ది అరగంట ఉంచాలి. తర్వాత 40 డిగ్రీల నీళ్ళలో ఎంజైమ్ పొడి వేసి నాలుగు గంటలో, రాత్రంతానో నాననిచ్చి ఉతకాలి. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైములే చచ్చిపోతాయి, వేడి ఎక్కువైతే మరక పోతుందన్నది ఇక్కడ పనిచేయదు. ఉన్ని, పట్టు బట్టలు ఇలా నానబెట్టకండి. అవీ ప్రోటీనే, ఎంజైములు వాటినీ తింటాయి. మచ్చ పోయిందో లేదో చూశాకే డ్రయ్యర్‌లో వేయాలి.

పాల కప్పు తోమినా పుల్లటి కంపు

కప్పుది కాదు, మూతలో ఉండే సిలికాన్ వాల్వ్‌ది, స్ట్రాది. వాల్వ్ ఊడదీయకుండా కడిగితే మడతలో పాలు నిలిచి పులుస్తాయి. అన్నీ విడదీసి, ముందు చన్నీళ్ళతో జాడించి, స్ట్రా లోపలికి సన్న బ్రష్ దూర్చి లిక్విడ్‌తో తోమాలి. కంపు పోకపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో టీస్పూన్ వంటసోడా వేసి అరగంట ముంచి కడగండి. పుల్లటి వాసన ఆమ్లాలది, సోడా దాన్ని పట్టేస్తుంది. తడి ఆరకముందే బిగించారంటే రేపటికి మళ్ళీ అదే. సిలికాన్ మీద నల్ల చుక్కలు కనిపిస్తే శుభ్రం చేస్తూ కూర్చోకండి, బూజు లోపలికి పాకి ఉంటుంది, ఆ ముక్క పారేయడమే. నొక్కితే నీళ్ళు చిమ్మే స్నానపు బొమ్మలకీ ఇదే న్యాయం. కొత్తది కొన్న రోజే కింది రంధ్రాన్ని జిగురుతో మూసేస్తే లోపలికి నీళ్ళే పోవు.

సీసాలు మరిగించే గిన్నెలో అడుగున తెల్లటి పెంకు కడితే లీటరు నీళ్ళకి టేబుల్ స్పూన్ నిమ్మ ఉప్పు వేసి మరిగించి, దించి అరగంట ఉంచితే కరిగిపోతుంది. రెండుసార్లు కడిగి వాడుకోవచ్చు. అదే నీళ్ళు పాలరాతి గట్టు మీద ఒలకనివ్వకండి, రాయి కూడా కాల్షియం కార్బొనేటే, పెంకుతో పాటు అదీ కరిగి మెరుపు పోతుంది.

గోడ మీద క్రేయాన్, సోఫా మీద పెన్ను, కార్పెట్‌లో స్లైమ్

క్రేయాన్ మైనం, నీళ్ళకి లొంగదు. తడి గుడ్డ మీద చిటికెడు సోడా వేసుకుని, ఒత్తిడి లేకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తుడవండి. సోడా సన్నని గరుకుపొడిలా పనిచేస్తుంది, అందుకే గట్టిగా రుద్దితే నిగనిగలాడే పెయింట్ మీద మసక మచ్చ పడుతుంది. సున్నం గోడ మీద ఇది చేస్తే సున్నమే ఊడివస్తుంది, అక్కడ మళ్ళీ పూత వేయడం తప్ప మార్గం లేదు.

పెన్ను సిరాకి ఆల్కహాల్ శానిటైజర్ దూదికి పట్టించి, బయటి అంచు నుంచి మధ్యకి అద్దాలి. మధ్య నుంచి బయటికి పోతే మచ్చ పెద్దదవుతుంది. తోలు సోఫా మీద వాడొద్దు, రంగే లేచి వస్తుంది. స్టిక్కర్ జిగురుకి వంటనూనె రాసి పావుగంటాగి గీకి, ఆ నూనెని లిక్విడ్‌తో కడగాలి.

పిల్లలు ఆడుకునే జిగట ముద్ద, అదే స్లైమ్, దానికి మాత్రం వెనిగరే మందు. అందులోని జిగురు గొలుసుల్ని బోరాక్స్ (వెలిగారం) ముళ్ళు వేసి పట్టి ఉంచుతుంది, ఆమ్లం తగలగానే ఆ ముళ్ళు విడిపోయి స్లైమ్ నీరుకారుతుంది. గోరువెచ్చని వెనిగర్ పోసి ఐదు నిమిషాలాగి తుడిచేయండి. జుట్టుకి అంటుకుంటే వెనిగర్ వద్దు, కళ్ళలోకి కారుతుంది. కండిషనర్ గానీ నూనె గానీ దట్టంగా పట్టించి దువ్వెనతో లాగాలి.

చీమలు తుడిచిన చోటికే మళ్ళీ

చీమ నడిచిన దారి పొడుగునా వాసన గీత గీస్తుంది. చీమల్ని ఊడ్చినా గీత ఉంటుంది కాబట్టి వెనక వచ్చేవి అటే వస్తాయి. కన్నం ఎక్కడుందో చూసేదాకా వాటిని కదపకండి. తర్వాత కన్నం నుంచి తిండి దాకా దారంతా సబ్బు నీళ్ళతో తుడిచి, కన్నాన్ని సీలెంట్‌తో మూసేయండి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో బోరాక్స్ చక్కెర ఎరలు పెట్టొద్దు. సహజం అన్న మాట చూసి మోసపోకూడదు: కర్పూరం కొంచెం మింగినా చిన్నపిల్లలకి మూర్ఛ రావచ్చు, యూకలిప్టస్ నూనె మింగినా ప్రమాదమే. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఆ బట్టలు పసిబిడ్డకి తొడిగితే, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు విరిగిపోవచ్చు. బట్టలకి పురుగు పట్టకుండా ఉండాలంటే శుభ్రంగా ఉతికి, ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టడం చాలు.

వాషింగ్ మెషిన్ తీస్తే ముక్కిపోయిన వాసన

తలుపు రబ్బరు మడతలో చెయ్యి పెట్టి చూడండి, నల్లటి జిగట దొరుకుతుంది. ఎప్పుడూ చన్నీళ్ళ ఉతుకులే వేయడం, లిక్విడ్ ఎక్కువ పోయడం దీనికి కారణాలు. మడతని తుడిచి, ఫిల్టర్ తీసి కడిగి, పొడి పోసే సొరుగుని ఊడదీసి తోమండి. నెలకోసారి ఖాళీ మెషిన్‌ని 60 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడి మీద తిప్పాలి. తర్వాత తలుపు కాస్త తెరిచి ఆరనివ్వాలనే చెబుతారు. నడిచే వయసు పిల్లలుంటే ముందు తలుపు మెషిన్ తెరిచి వదలడం ప్రమాదం, లోపల దూరి తలుపు లాక్కుంటారు. ఆ గదికి గడియ పెట్టే వీలుంటేనే తెరిచి ఉంచండి. లేదంటే ఉతుకు కాగానే లోపలంతా పొడిగుడ్డతో తుడిచి మూసేయండి.

కలిపి పెట్టినదాన్ని బిడ్డ తాగితే

తాగే నీళ్ళ సీసాలో వెనిగర్ నీళ్ళు పోసి పెడితే ఇలా జరగొచ్చు. స్ప్రే సీసా మీద ఏముందో, ఏ రోజు కలిపారో రాసి, గడియ ఉన్న అలమరలో పెట్టాలి. అయినా మింగితే వాంతి చేయించకండి, దిగేటప్పుడు కాల్చింది పైకొచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. నోరు నీళ్ళతో తుడిచి, సీసా చేతబట్టుకుని వెంటనే డాక్టర్‌కి లేదా విష సమాచార కేంద్రానికి ఫోన్ చేయండి. మగతగా ఉన్నా, ఊపిరి కష్టమైనా, నోట్లో పొక్కులు లేచినా ఫోన్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. కంట్లో పడితే ఆ కన్ను కిందికి ఉండేలా తల పక్కకి వంచి, పదిహేను నిమిషాలు ఆగకుండా గోరువెచ్చని నీళ్ళు ధారగా పోయండి.