ట్రయంఫ్ టీఆర్6కు పాత కార్బొరేటర్లు – 4వ పాఠం: పొంగిన ఫ్లోటు గిన్నె, అరిగిన స్పిండిలు

టీఆర్6 బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని లూకాస్ పెట్రోలు ఇంజెక్షన్ తీసేసి కార్బొరేటర్లు పెట్టడమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో ‘పెట్రోలు లైనుకు రెగ్యులేటర్ పెట్టండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. చాలామంది డిక్కీలోని లూకాస్ పంపును కదపకుండా, లైనులో ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ బిగించి తాళం తిప్పారు. ఫ్లోటు గిన్నెలు (కార్బొరేటర్లో పెట్రోలు నిలిచే గిన్నెలు) పొంగాయి, ఎయిర్ ఫిల్టర్లోంచి పెట్రోలు కారింది. కాబట్టి ఈవారం జెట్ల (పెట్రోలు వచ్చే సన్న గొట్టాల) ట్యూనింగ్ సగానికి తగ్గింది. ముందు ఈ పొంగు సంగతి.

లూకాస్ ఇంజెక్షన్ పంపు ఇచ్చే ఒత్తిడి 100 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) పైనే. మనం పెడుతున్న ఎస్‌యు హెచ్‌ఎస్6 కార్బొరేటర్‌కు కావలసింది 3 లోపు. కార్బొరేటర్ల కోసం చేసిన రెగ్యులేటర్ ఏడెనిమిది పి.ఎస్.ఐ.ని మూడుకు దించగలదు గానీ వందను దించలేదు. లోపలి డయాఫ్రం చినుగుతుంది, లేదా సీటు మూతపడక అంతా వదిలేస్తుంది. రెగ్యులేటర్ మరలు ఎంత తిప్పినా లాభం లేదు. పంపు, రిలీఫ్ వాల్వు (ఎక్కువైన పెట్రోలును ట్యాంకుకు తిప్పే వాల్వు) రెండూ తీసేయండి. రిలీఫ్ వాల్వు నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్ళే గొట్టం కూడా పోతుంది. ట్యాంకు దగ్గర ఆ మూతిని గట్టిగా బిరడా వేసి మూయండి. రబ్బరు గొట్టం ముక్కలో బోల్టు దూర్చి క్లిప్పు వేయడం తాత్కాలికానికి కూడా వద్దు, అది డిక్కీ.

కొత్తగా 2 నుంచి 3 పి.ఎస్.ఐ. ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు తీసుకోండి. ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత కిందగా, రబ్బరు బుష్‌ల మీద బిగించండి. ఇలాంటి పంపు నెట్టగలదు గానీ దూరం నుంచి లాగలేదు. దాని ముందు ఒక ఫిల్టరు, వైరులో ఒక ఇనర్షియా స్విచ్ (కారు గుద్దుకుంటే పంపును ఆపేది). కార్బొరేటర్ దగ్గర టీ (మూడు దారుల అతుకు) పెట్టి గేజీతో చూడండి. 3 దాటితే అప్పుడు రెగ్యులేటర్. తక్కువ ఒత్తిడి పంపు దొరికితే నేనైతే రెగ్యులేటరే పెట్టను. లైనులో అతుకు ఒకటి తగ్గితే కారే చోటు ఒకటి తగ్గినట్టే.

ఇప్పటికే పొంగిన బండ్లవాళ్ళు ఇంకో పని చేయాలి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిలు మొత్తం మార్చాలి, పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడదు. ఆరు ప్లగ్గులూ విప్పి, ఇగ్నిషన్ వైరు ఊడదీసి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. సిలిండర్లో పెట్రోలు నిలిచి ఉండగా స్టార్టర్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు.

మేనిఫోల్డు బిగించడం చెప్పను, ఇంతదూరం వచ్చినవాళ్ళకు తెలుసు. గాస్కెట్ పెట్టి పోర్టులు వరసకు వస్తున్నాయో లేదో ముందు చూడండి, అంతే. డిస్ట్రిబ్యూటర్ పెడెస్టల్ (దాని పీఠం) పక్కన, ఇంజెక్షన్‌కు పెట్రోలు కొలిచే మీటరింగ్ యూనిట్ తీసేసిన రంధ్రానికి మాత్రం అల్యూమినియం పలక కోసి, గాస్కెట్‌తో మూయండి. లేకపోతే ఆయిలు చిమ్ముతుంది. కార్బొరేటర్ బండి పెడెస్టల్ దొరికినా మార్చవద్దు. మారిస్తే డ్రైవ్ గేరు ఎండ్‌ఫ్లోటును (పైకీ కిందికీ ఆడే సందును) షిమ్ములతో (పలచని రేకులతో) మళ్ళీ సరిచేయాలి.

ఇక అసలు చిరాకు. ట్రయంఫ్ 2500ఎస్ సెలూన్ నుంచి తీసిన జంట హెచ్‌ఎస్6లు కొంటారు, పైపైన పాలిష్ పెడతారు, స్పిండిలు (గాలి తలుపు తిరిగే కడ్డీ) ఆడుతుందా అని ఒక్కసారి కూడా కదిపి చూడరు. బాడీ అల్యూమినియం, స్పిండిలు ఇత్తడి. లింకేజీ లాగే వైపు రెండూ అరుగుతాయి. ఐడిల్‌లో బటర్‌ఫ్లై (ఆ గాలి తలుపు) దాదాపు మూసి ఉంటుంది, మేనిఫోల్డులో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. అరిగిన సందులోంచి దూరే గాలికి, జెట్టులో ఆడుతూ పెట్రోలును కొలిచే సూదితోనూ జెట్టుతోనూ పనిలేదు, దానితోపాటు పెట్రోలు రాదు. మిశ్రమం పలచనవుతుంది. మీరు జెట్టు నట్టు కిందికి తిప్పి చిక్కన చేస్తారు. ఐడిల్ కుదురుకుంటుంది, సంతోషిస్తారు. రోడ్డెక్కి యాక్సిలరేటర్ తొక్కగానే వాక్యూమ్ పడిపోతుంది, వచ్చే మొత్తం గాలిలో లీకు వాటా లెక్కలోకి రాదు. మీరు అదనంగా తెరిచిన పెట్రోలు మాత్రం అలాగే వస్తుంది. ప్లగ్గులు మసి. ‘సూది తప్పు’ అని సూది మారుస్తారు. ముందు మూడు సిలిండర్ల ప్లగ్గులు నల్లగా, వెనక మూడు తెల్లగా ఉంటే రెండు కార్బొరేటర్లలో అరుగుదల ఒకేలా లేదని అర్థం. కాలు తీసినప్పుడు సైలెన్సర్లో టపటపలు, ఐడిల్ నిమిషానికి ఒకసారి 700 చుట్లు, ఒకసారి 1200: ఇవన్నీ చాలావరకు ఇదే రోగం.

పరీక్ష: ఇంజన్ వేడెక్కి ఐడిల్‌లో ఉండగా స్పిండిలు రెండు చివర్లా చిక్కటి గ్రీజు మెత్తండి. శబ్దం మారితే లీకు ఉన్నట్టే. కార్బొరేటర్ క్లీనర్ పిచికారీ చేయవద్దు. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మేనిఫోల్డు కూడా అదే పక్కన, సరిగ్గా కిందే ఉంది, మంట అంటుకోవచ్చు.

ఆట 0.25 మి.మీ. దాటితే కొత్త స్పిండిలు ఒక్కటే చాలదు. బాడీని రీమ్ చేసి (రంధ్రాన్ని పెద్దది చేసి) బుష్ వేయాలి, లేదా ఓవర్‌సైజు స్పిండిలు వేయాలి. రెండు రంధ్రాలూ ఒకే గీతలో రావాలి. హ్యాండ్ డ్రిల్లుతో అది కుదరదు, లేతు ఉన్నవాళ్ళకు ఇవ్వండి. బటర్‌ఫ్లై స్క్రూల చీలిక కొనలను ముందు దగ్గరకు నొక్కి విప్పండి, లేకపోతే మరలు చెడతాయి. పాత స్క్రూలు మళ్ళీ వాడవద్దు. కొత్తవి బిగించాక కొనలు విప్పార్చండి. ఊడితే వెళ్ళేది నేరుగా సిలిండర్లోకి.

తక్కినవి గబగబా. కార్బొరేటర్లోని పిస్టన్, దాని గంట (పిస్టన్ మీది గంట ఆకారపు మూత) జంటగా తయారైనవి, రెండు కార్బొరేటర్ల మధ్య మార్చవద్దు. స్థిరమైన సూది అయితే దాని భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి, జెట్టును మధ్యకు తేవాలి. పిస్టన్ ఎత్తి వదిలితే ‘టక్’మని వినబడాలి. స్ప్రింగు సూదికి జెట్టును మధ్యకు తెచ్చే పని లేదు. డాంపర్లో (పిస్టన్ కదలికను నెమ్మది చేసే భాగంలో) ఎస్‌ఏఈ 20 ఆయిలు. ఫ్లోటు మూత తలకిందులుగా పట్టుకుని, లివరు కింద 3 నుంచి 5 మి.మీ. కడ్డీ దూరేలా చూడండి.

మొదలుపెట్టేటప్పుడు జెట్టును బ్రిడ్జితో (జెట్టు పైకి వచ్చే గట్టుతో) సమం చేసి, నట్టును 12 ముఖాలు, అంటే రెండు చుట్లు, కిందికి దించండి. ఇంజన్ వేడెక్కాక ముందు రెండు కార్బొరేటర్ల గాలి సమం చేయండి, తర్వాతే మిశ్రమం. పిస్టన్‌ను ఒక మి.మీ. కన్నా తక్కువ ఎత్తండి: వేగం పెరిగి అలాగే నిలిస్తే చిక్కన, పడిపోతే పలచన, కాస్త పెరిగి సర్దుకుంటే సరి. 150 బి.హెచ్.పి. (హార్స్‌పవర్) ఇంజన్ల క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) ఐడిల్‌లో కుదురుగా ఉండదు. దానికి 900 కింద ఐడిల్ కోసం పోరాడవద్దు.

అభ్యాసం: పిస్టన్ రంధ్రాలు మూసి, డాంపర్ పెట్టి, తలకిందులు చేసి గంట జారే సమయం కొలవండి. 5 నుంచి 7 సెకన్లు రావాలి. రెండు కార్బొరేటర్లకూ పదేసి సార్లు కొలిచి రాసుకోండి. తర్వాత రెండింటినీ పూర్తిగా విప్పి కడిగి, బిగించి, మళ్ళీ పదేసి సార్లు. కడిగాక కూడా 5 నుంచి 7 సెకన్లు రాకపోతే గంట లోపల ఇంకా మురికి ఉండవచ్చు, మళ్ళీ విప్పండి. చోక్ కేబుల్, లింకేజీ 5వ పాఠంలో. ఈ అంకెలు లేకుండా దాన్ని మొదలుపెట్టవద్దు.