షాక్ కొట్టిన మనిషిని చేత్తో పట్టుకోవద్దు

పోయిన వారం మా పక్క ఊళ్లో ఒకే ఇంటి నుంచి రెండు పాడెలు లేచాయి. రేకుల ఇల్లు, ముందు ఇనుప తీగ దండెం. సర్వీసు వైరు రేకు అంచుకు ఒరుసుకుని పైతొడుగు చిరిగింది. వాన పడగానే రేకులకు, వాటి నుంచి దండేనికి కరెంటు పాకింది. చీర ఆరేయబోయిన కోడలు తీగకు అంటుకుపోయింది. అరుపు విని ఉరికొచ్చిన అత్త ఆమె చెయ్యి పట్టి లాగింది. మెయిన్ స్విచ్ అక్కడికి నాలుగడుగుల దూరంలో, గోడకే ఉంది.

తడి చేత్తో స్విచ్ ముట్టొద్దని అందరికీ తెలుసు, అది మళ్లీ చెప్పను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నర్సంపేట, పరకాల వైపు ఇన్నేళ్లలో నేను విన్న జంట చావులన్నిటికీ ఒకటే కారణం: షాక్ కొట్టిన మనిషిని చేత్తో పట్టుకోవడం.

లెక్క పదో తరగతిదే. వోల్టేజిని నిరోధంతో, అంటే కరెంటును అడ్డుకునే గుణంతో, భాగిస్తే కరెంటు వస్తుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు. బాగా పొడిగా ఉన్న చర్మం నిరోధం లక్ష ఓముల దాకా ఉంటుంది. తడిస్తే వెయ్యికి పడిపోతుంది. అప్పుడు ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు (ఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీ ఆంపియర్). పది, ఇరవై మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుని వేళ్లు తీగ చుట్టూ ముడుచుకుంటాయి, వదలాలన్నా వదలవు. వంద దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఆ మనిషిని మీరు పట్టుకున్నారా, ఆ ఒళ్లే మీకు కరెంటు తీగ. వట్టి కాళ్లతో తడి వాకిట్లో ఉన్నారు కాబట్టి కరెంటు మీలోంచి కూడా భూమిలోకి దిగుతుంది.

ఫ్యూజు ఉంది కదా అంటారు. 5 ఆంపియర్ల ఫ్యూజు 5 దాటితేనే కాలుతుంది. ప్రాణం పోవడానికి అందులో యాభయ్యో వంతు చాలు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే తనంతట తానే ఆపేసే స్విచ్, అది పెట్టించండి.

కాబట్టి చెయ్యి వేయొద్దు. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి నేల మీద నిలబడి ప్లాస్టిక్ కుర్చీతోనో ఎండు కట్టెతోనో నెట్టండి. పచ్చి కట్టెలో నీరుంటుంది, పనికిరాదు. విడిపించాక ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కుతూ ఉండండి.

పొలం దగ్గర ఇంకా ప్రమాదం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. పోయిందంటే ఏ నిమిషమైనా వస్తుంది. "కరెంటు లేదు కదా" అని స్టార్టర్ డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దు. ఫ్యూజు మీరు వేయొద్దు, లైన్‌మన్‌ను పిలవండి. మోటరుకు ఎర్తింగ్ లేకుండా ఆన్ చేయొద్దు. తెగిపడ్డ లైను దగ్గరికి పోవద్దు, అక్కడ ఎండు కట్టె కూడా నమ్మొద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. స్తంభానికి బర్రెను కట్టొద్దు. ఇనుప దండెం ఈ రోజే విప్పి నైలాన్ తాడు కట్టండి. ఎవరు అంటుకున్నా, కన్నబిడ్డ అయినా, చెయ్యి వేయొద్దు, మెయిన్ ఆపండి. ఆ మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ ఈ రాత్రే చూపించండి. పిల్లలకు అందకపోతే దాని కింద ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంచండి.