ఇల్లు అమ్మకానికి పెట్టి ఎన్నాళ్లయిందో నేనెలా పట్టుకుంటున్నానంటే

ఇల్లు కొందామని ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే అన్నిటికన్నా విసుగు తెప్పించింది ఏంటంటే, ఎప్పట్నుంచో కనిపిస్తున్న ఇల్లే మళ్లీ ‘కొత్తది’ అని పైకొచ్చేస్తుంది. పాత యాడ్ తీసేసి అదే ఇంటిని ఇంకో యాడ్‌గా పెడితే చాలా సైట్లలో యాడ్ నంబరూ మారిపోతుంది, రోజుల లెక్కా సున్నా నుంచి మొదలవుతుంది. ఎన్నాళ్లుగా అమ్ముడుపోలేదో తెలిస్తేనే కదా బేరానికి పట్టు దొరికేది!

అందుకే సైట్ చూపించే తేదీని పక్కనపెట్టి నేనే ఒక షీట్ పెట్టుకున్నా. లింకు, యాడ్ నంబరు, అడ్రస్, విస్తీర్ణం, రేటు, నాకు మొదటిసారి కనిపించిన తేదీ. రేటు మారితే పాతది చెరపకుండా కింద కొత్త లైను వేస్తా, ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఎప్పుడెప్పుడు తగ్గించారో చూస్తే అమ్మేవాళ్ల తొందర అర్థమైపోతుంది.

అడ్రస్ సరిగ్గా ఇవ్వని వాటికి ఫొటోలే ఆధారం. ఒకదాంట్లో వంటింటి కిటికీ కింద టైల్ మూల విరిగి ఉంది, కొత్త యాడ్‌లో రేటు వేరు, ఏజెంటు వేరు, టైల్ మాత్రం అదే. ఫొటోని గూగుల్ లెన్స్‌లో (ఫొటోతోనే వెతికే టూల్) వేస్తే పాత యాడ్లు ఒక్కోసారి బయటపడతాయి.

ఇంకోటి, పేజీ సోర్స్, అంటే ఆ పేజీ వెనకుండే కోడ్ ఓపెన్ చేసి డేట్‌పోస్టెడ్ అని ఇంగ్లీషులో, స్పేస్ లేకుండా వెతకండి, కొన్ని సైట్లు తేదీని అక్కడ పెడతాయి, కాకపోతే రీపోస్ట్ చేస్తే అదీ మారొచ్చు. వెబ్ పేజీల పాత కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో ఆ లింకుకి పాత కాపీ దొరికిందా, ఆ తేదీకే యాడ్ ఉందని ఖాయం. యాడ్ మాయమైతే అమ్ముడైందని రాయను, ‘కనిపించట్లేదు’ అని రాసి వదిలేస్తా, కొన్నాళ్లకి తిరిగొచ్చేవి బోలెడు.