నైరోబీలో సరుకుల హోల్‌సేల్ వ్యాపారం పెట్టడం ఎలా?

స్వాహిలీలో కొట్టును ‘దుకా’ అంటారు. మన దుకాణమే అది. డబ్బు ‘పెసా’, మన పైసా. ప్రభుత్వం ‘సెరికాలి’, మన సర్కారు. బీమాను బీమా అనే అంటారు. తెరచాప పడవలు హిందూ మహాసముద్రం మీద తిరిగిన రోజుల్లో అటూ ఇటూ పోయిన మాటలివి. మనవాళ్లు నైరోబీలో దిగి ఈ మాటలు వినగానే ఊరు తెలిసిపోయినట్టే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మాటలు మనవే కానీ బేరం మనది కాదని తెలిసేసరికి చేతిలో డబ్బు సగం అయిపోయింది.

సబ్బులు, నూనె, పంచదార, టీ పొడి లాంటి రోజువారీ సరుకులను పేటల్లోని చిన్న దుకాలకు అందించే హోల్‌సేల్ వ్యాపారం గురించే ఇక్కడ రాస్తున్నాను. కెన్యా వెళ్లి సొంతంగా ఏదైనా పెట్టాలనుకునే తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే.

ముందు ఒక నెల దుకాలో కూర్చోండి

కంపెనీ పేరు, లోగో, గోడౌను అన్నీ తర్వాత. కయోలే, గిథురాయ్, కవాంగ్వారే లాంటి నైరోబీ పేటల్లో ఎక్కడైనా తెలిసినవాళ్ల ద్వారా ఒక దుకా యజమానిని పరిచయం చేసుకోండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ కొట్లో ఓ మూలన స్టూలు వేసుకుని కూర్చుంటామని అడగండి.

కొట్టు ముందు ఇనుప ఊచల కిటికీ ఉంటుంది. ఏడేళ్ల పిల్ల వచ్చి యాభై షిల్లింగుల నోటు ఊచల్లోంచి అందిస్తుంది. ఇంట్లోంచి తెచ్చిన చిన్న సీసా కిటికీలో పెడుతుంది. అందులో ఇరవై షిల్లింగుల నూనె పోస్తారు. పది షిల్లింగుల టీ పొడి పొట్లం, పొడుగాటి బట్టల సబ్బులోంచి కత్తితో కోసిన ముక్క, మిగిలినదానికి ఉప్పు. నోటు అయిపోయింది, ఆ పూటకు ఇల్లు గడిచింది. రేపు మళ్లీ అదే పిల్ల, అదే సీసా.

దీన్ని అక్కడ ‘కదోగో’ అంటారు, అంటే చిన్నది అని. రోజు కూలీ సంపాదన రోజుకే వస్తుంది కాబట్టి కొనుగోలు కూడా రోజుకే. లీటరు సీసా కొంటే కలిసొస్తుందని ఆ ఇంటివాళ్లకు తెలియక కాదు, లీటరుకు సరిపడా డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండదు. మన పల్లెల్లో రూపాయి షాంపూ ప్యాకెట్ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మీ సరుకు ఐదు, పది, ఇరవై షిల్లింగుల ముక్కలుగా విడిపోగలదా లేదా అన్నదే మీ వ్యాపారానికి మొదటి పరీక్ష. విడిపోనిది గోడౌన్‌లో దుమ్ము పడుతుంది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. చట్టంలో నాలుగేళ్ల జైలు, 40 లక్షల షిల్లింగుల జరిమానా దాకా ఉంది. ఇండియా నుంచి సరుకుతో పాటు కవర్ల కట్టలు పంపించుకోవద్దు. పొట్లాలకు కాగితమే వాడండి.

కాగితాలు: తొందరపడి పర్యాటకుడిగా దిగొద్దు

చూసి రావడానికి వెళ్లడం వేరు, అక్కడ వ్యాపారం చేయడం వేరు. సొంత వ్యాపారానికి విదేశీయుడు తీసుకోవాల్సింది ‘క్లాస్ జి’ పర్మిట్. దానికి కనీసం లక్ష డాలర్ల పెట్టుబడి చూపించాలి, మన లెక్కలో 80 లక్షల పైమాటే. ఉద్యోగానికి వెళ్లేవాళ్లది ‘క్లాస్ డి’. అది చేతిలో పెట్టుకుని పక్కన సొంత కొట్టు నడపడం కుదరదు. స్నేహితుడి పేరు మీద పెట్టేసి వెనకుండి నడిపిద్దాం అనే సలహా ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులోనూ వస్తుంది. వినకండి. తేడా వచ్చిన రోజు కాగితం మీద మీ పేరు ఎక్కడా ఉండదు.

కంపెనీ నమోదు ‘ఈ-సిటిజన్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో అవుతుంది. తర్వాత పన్ను శాఖ కె.ఆర్.ఎ. దగ్గర పిన్ అనే పన్ను నంబరు, ఆపైన నైరోబీ కౌంటీ వ్యాపార పర్మిట్. ఏడాది అమ్మకాలు 50 లక్షల షిల్లింగులు చేరితే వ్యాట్ నమోదు తప్పనిసరి, సాధారణ రేటు 16 శాతం. బిల్లులన్నీ ‘ఈటిమ్స్’ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే ఇవ్వాలి. 2024 జనవరి నుంచి ఈటిమ్స్ బిల్లు లేని కొనుగోలును ఖర్చు కింద ఒప్పుకోవడం లేదు. అందుకని మీకు సరుకిచ్చేవాళ్లను ధర కంటే ముందు అడగాల్సింది ఈటిమ్స్ బిల్లు ఇస్తారా అని.

దిగుమతి చేసుకుంటే డాలరు మీద కన్నేసి ఉంచాలి. 2024 మొదట్లో డాలరు దగ్గర దగ్గర 160 షిల్లింగులకు వెళ్లి, అదే ఏడాది మధ్యకు 130 దరిదాపుల్లోకి దిగింది. 160 దగ్గర సరుకు కొని నింపుకున్నవాళ్ల పక్కనే 130కి కొన్నవాళ్లు దుకాణం తెరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది అక్కడే తయారయ్యే సరుకు అమ్మండి. నూనె, సబ్బు, మొక్కజొన్న పిండి అన్నీ కెన్యాలోనే తయారవుతాయి.

షాపు అద్దెకు తీసుకునేటప్పుడు

నైరోబీ వ్యాపార కేంద్రాల్లో అద్దె, అడ్వాన్సు కాక ‘గుడ్‌విల్’ అని ఒక పెద్ద మొత్తం అడుగుతారు. తిరిగి రాని డబ్బు అది. మొదటిసారి నేను గుడ్‌విల్ కట్టిన కొట్టు నుంచి ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయమన్నారు. నా చేతిలో రసీదు లేదు, ఒప్పందంలో ఆ మాట లేదు. మీరు ఆ తప్పు చేయొద్దు. ఎంత కడుతున్నారు, ఎన్నేళ్లకు కడుతున్నారు, ముందే ఖాళీ చేయిస్తే ఎంత వెనక్కి ఇస్తారు అన్నది లాయరు చేత ఒప్పందంలో రాయించండి. రాయనంటే ఆ కొట్టు వదిలేయండి.

చోటు ఎంచుకునేటప్పుడు ఏ వీధిలో ఏ సరుకు దొరుకుతుందో చూసుకోండి. కిరిన్యాగా రోడ్డు బళ్ల విడిభాగాలకు, గికొంబా వాడిన బట్టలకు, ఈస్ట్‌లీ సోమాలీ వర్తకుల బట్టల బజారుకు, మారికిటి కూరగాయలకు పేరు. సరుకు కోసం జనం ఎటు నడుస్తారో అటే మీరూ ఉండాలి.

డబ్బంతా ఫోన్లో ఉంటుంది

2007 మార్చిలో సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ మొదలుపెట్టిన ఎంపెసా లేకుండా కెన్యాలో బేరం లేదు. మన యూపీఐకి దాదాపు పదేళ్ల ముందే అక్కడ కూరగాయలమ్మే ఆవిడ ఫోన్లో డబ్బు తీసుకుంది. ఎంపెసాలో ‘ఎం’ మొబైల్, ‘పెసా’ మళ్లీ మన పైసానే.

మీ సొంత నంబరు మీద వ్యాపారం డబ్బు తీసుకోవద్దు. కంపెనీ పేరున టిల్ నంబరు, అంటే కొట్టు తరఫున ఎంపెసా డబ్బు పడే నంబరు, తీసుకోండి. ఇంటి ఖర్చు, కొట్టు డబ్బు కలిసిపోతే సంవత్సరాంతంలో ఎవరూ విడదీయలేరు. ఇంకొకటి, కొన్నవాళ్లు చూపించే ఎస్సెమ్మెస్‌ను నమ్మి సరుకు ఎత్తనివ్వకండి. అచ్చం ఎంపెసా సందేశంలాగే టైపు చేసి పంపేవాళ్లుంటారు. నా దగ్గర ఒక శనివారం రద్దీలో పన్నెండు కార్టన్ల సబ్బులు అలాగే వెళ్లిపోయాయి. మీ ఫోన్లో, మీ టిల్‌లో డబ్బు పడిందా అన్నదొక్కటే చూడండి.

అరువు

అసలు కష్టం ఇక్కడుంది. అరువు ఇవ్వకుండా హోల్‌సేల్ నడవదు, ఇస్తే నడుస్తుందో లేదో తెలియదు. స్వాహిలీలో ఒక సామెత ఉంది: ‘కుకోపా హారుసి, కులిపా మతంగా’. అప్పు తీసుకోవడం పెళ్లి, తీర్చడం చావు ఇల్లు అని. ‘అరువు రేపు’ అని బోర్డు పెట్టుకునే మనకు ఇది కొత్తేమీ కాదు.

దుకా యజమానుల్లో చాలామంది ఆడవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది ‘చామా’ల్లో ఉంటారు. పది, పదిహేను మంది వారానికోసారో నెలకోసారో కూడి తలా కొంత వేసి ఆ మొత్తాన్ని ఒకరికిస్తారు. వచ్చేసారి ఇంకొకరికి. కొన్ని చామాలు సభ్యులకు అప్పులు కూడా ఇస్తాయి. మన డ్వాక్రా సంఘం, మన చిట్టీ రెండూ కలిసినట్టుంటుంది, వేలం పాట మాత్రం ఉండదు. చామాలో మాట తప్పితే పేటలో తలెత్తుకోలేరు.

కాబట్టి అరువు ఇవ్వాలంటే చామా ఎలా చేస్తుందో అలాగే చేయండి. మొదటి ఆరు వారాలు రొక్కానికే అమ్మండి. ఆ ఆరు వారాల్లో ఎవరు ఏ రోజు కొంటారో రాసుకోండి. వారం వారం తప్పకుండా వచ్చేవాళ్లకు ఒక వారం సరుకు విలువ దాకా మాత్రమే అరువు, పాత బాకీ తీరాకే కొత్త సరుకు. నెల గడువు ఇవ్వకండి. దుకాకు డబ్బు రోజూ వస్తుంది, నెలాఖరుకు అది పిల్లాడి ఫీజో, అత్తగారి మందులో అయిపోతుంది. ఆమెకు మోసం చేయాలని ఉండి కాదు.

బాకీ అడగడానికి నలుగురిలో వెళ్లకండి. కొనేవాళ్ల ముందు గొంతు పెంచి అడిగితే ఆ ఒక్క బాకీ రావచ్చు, ఆ వీధిలో మిగతా ఐదు దుకాలూ పోతాయి. కొట్టు మూసే వేళకు వెళ్లి కూర్చుని, ఇంట్లో ఎలా ఉన్నారని అడిగి, అప్పుడు పుస్తకం తీయండి.

‘చాయ్’ అడిగితే

ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వచ్చి పర్మిట్ చూపించమంటారు, అంతా చూసి ‘చాయ్’ అంటారు. లేదా ‘కితు కిదోగో’, చిన్నదేదైనా అని. మన చాయ్‌పానీ లాంటిదే. 2016 నాటి లంచాల నిరోధక చట్టం ప్రకారం ఇచ్చినవాళ్లూ, తీసుకున్నవాళ్లూ ఇద్దరూ దోషులే. ఇస్తే తప్ప పని జరగదని చెప్పేవాళ్లు చుట్టూ ఉంటారు. నా అనుభవంలో ఒకసారి ఇచ్చిన కొట్టుకు ప్రతి నెలా వస్తారు.

ఇవ్వకుండా నెగ్గాలంటే కాగితాలు పక్కాగా ఉండాలి. పర్మిట్, ఈటిమ్స్ పత్రాలు, అగ్నిమాపక అనుమతి అన్నీ గోడ మీద అద్దం పటంలో కనిపించాలి. వచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడండి, కుర్చీ వేయండి, నిజం చాయ్ ఇవ్వండి, పేరూ ఆఫీసూ పుస్తకంలో రాసుకుని జరిమానా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇలా గట్టిగా ఉంటే పని నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, నిజమే. ఆ నాలుగు రోజుల నష్టాన్ని లెక్కలో ముందే వేసుకోండి.

మనుషులతో

1896లో మొంబాసా నుంచి రైలుమార్గం మొదలైనప్పుడు దాన్ని వేయడానికి భారతదేశం నుంచి దాదాపు 32 వేలమంది కూలీలను తీసుకెళ్లారు. వాళ్ల వెనకే వచ్చిన గుజరాతీ, పంజాబీ వర్తకులు ఊరూరా దుకాలు పెట్టారు. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి భారతీయ సంతతిని దేశంలో 44వ తెగగా గుర్తించింది. కానీ 1982 ఆగస్టు 1న సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగినప్పుడు నైరోబీలో ఎక్కువగా లూటీ అయినవి భారతీయుల కొట్లే. డబ్బున్నవాడు, మనతో కలవనివాడు అనే కోపం ఆ రోజు పుట్టింది కాదు. భారతీయుణ్ణి అక్కడ ‘ముహిందీ’ అంటారు. ఆ మాట ప్రేమగా వినిపిస్తుందా, కసిగా వినిపిస్తుందా అన్నది మీ కొట్లో పనిచేసేవాళ్లు బయట మీ గురించి ఏం చెబుతారో దాన్నిబట్టి ఉంటుంది.

కొట్లోకి అడుగుపెట్టగానే ‘హబారి యాకో’ అని పలకరించాకే పని మాట. పెద్దవాళ్లను ‘మ్జే’ అనండి, ఆడవాళ్లను వాళ్ల పెద్దబిడ్డ పేరుతో ‘మామా ఫలానా’ అని పిలవండి. వయసులో పెద్దవాడైన గోడౌన్ మనిషిని ‘ఏయ్’ అని పిలిచే మనవాళ్లను చూశాను. అది చూసిన ప్రతిసారీ కడుపు మండింది. జీతం చేతికిచ్చి సరిపెట్టకండి. ఉద్యోగికి చట్టం ప్రకారం కట్టాల్సినవి కట్టండి: ఎన్.ఎస్.ఎస్.ఎఫ్. అనే పింఛను నిధి, జీతంలో 2.75 శాతం ఆరోగ్య నిధి, ఉద్యోగి 1.5, మీరు 1.5 చొప్పున గృహనిర్మాణ లెవీ.

టైము దగ్గర పొరబడకండి. స్వాహిలీలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ‘సా మోజా’ అంటే మాటకు ఒంటిగంట, అర్థం ఉదయం ఏడు. ‘సా నానే’, ఎనిమిది గంటలంటే మధ్యాహ్నం రెండు. లారీ ‘సా నానే’కి వస్తుందన్నారని నేను ఉదయం ఎనిమిదికే హమాలీలను పిలిపించి ఆరు గంటలు కూర్చోబెట్టాను.

చివరగా, ఖర్చుల పుస్తకంలో రెండు పేజీలు విడిగా పెట్టండి

ఒకటి ‘మ్చాంగో’ పేజీ. పెళ్లి, ఆసుపత్రి, అంత్యక్రియలు, దేనికైనా చందా అడుగుతారు. ఎవరికీ లేదనలేరు, అందరికీ అడిగినంత ఇవ్వలేరు. నెలకింత అని ముందే రాసిపెట్టుకుని, అంత్యక్రియలకు మాత్రం తప్పకుండా ఇవ్వండి. వీలైతే స్వయంగా వెళ్లండి.

రెండోది జనవరి పేజీ. అక్కడ బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. డిసెంబరు పండగ ఖర్చు, ఆ వెంటనే ఫీజులు. ‘న్జా’ అంటే ఆకలి, అందుకే ఆ నెలను ‘న్జానువరీ’ అంటారు. డిసెంబరులో అమ్మకాలు చూసి గోడౌన్ నింపేయకండి. డిసెంబరు 20 తర్వాత కొత్త అరువు ఆపి, పాత బాకీలు సగమైనా రాబట్టుకోండి. జనవరిలో ఇరవై షిల్లింగుల పొట్లాన్ని పదికి విడగొట్టి సిద్ధంగా ఉంచండి. ఆ నెల ఊచల కిటికీ దగ్గరికి వచ్చే పిల్ల చేతిలో యాభై ఉండదు, పదే ఉంటుంది.