పిల్లల మూత్రం రిపోర్టులో ‘ఈస్ట్’ అని వస్తే

రిపోర్టులో ‘ఈస్ట్ సెల్స్’ అని కనబడగానే మెడికల్ షాపుకు పోయి ఫంగస్ మందు తెచ్చి తాపకండి. ఆడుతూ తిరిగే పిల్లల మూత్రనాళాల్లో ఫంగస్ చేరడం అరుదు. నెలలు నిండక పుట్టి ఐసీయూలో ఉన్నవాళ్లు, మూత్రం పైపు పెట్టినవాళ్లు, రోజుల తరబడి యాంటీబయాటిక్ వాడినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పుట్టుకతో మూత్రనాళాల లోపం ఉన్నవాళ్లు: భయమంతా వీళ్లకే. మిగతావాళ్ల విషయంలో ముందు శాంపిల్‌నే అనుమానించాలి. డైపర్ ఒరిసి తొడల సందున ఎర్రబడ్డ చోట క్యాండిడా (ఈస్ట్ జాతి ఫంగస్) ఉంటుంది. మూత్రం పట్టడానికి ఒంటికి అంటించే సంచిలో పడితే అదే మూత్రంలో కలిసి వస్తుంది. అందుకే కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) సంచి శాంపిల్ పనికిరాదు.

మళ్లీ పట్టేటప్పుడు ఉత్త నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. మగపిల్లల ముందోలు బలవంతంగా వెనక్కి లాగొద్దు. మొదటి ధార వదిలేసి, నడిమి ధార 5 నుంచి 10 మి.లీ. స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపల వేలు తగలొద్దు. చెబితే పోయని పసిబిడ్డకు పాలిచ్చాక, చల్లటి నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు మీద గుండ్రంగా 5 నిమిషాల దాకా రుద్దండి, డబ్బా చేతిలో సిద్ధంగా పెట్టుకుని. అయినా రాకపోతే ఆసుపత్రిలో సన్నటి పైపుతో తీయిస్తేనే నమ్మకం. పైపు ముందే ఉన్న బిడ్డకు దాన్ని మార్చి, కొత్తదాని నుంచి తీయాలి. వేలాడే సంచిలోది ఎందుకూ పనికిరాదు.

దేవరకొండ నుంచి నల్లగొండకో, మక్తల్ నుంచి పాలమూరుకో ఎండాకాలం బస్సులో తెస్తే దారిలోనే క్రిములు పెరుగుతాయి. గంటలో ల్యాబ్‌కు చేరదనుకుంటే ఐస్ డబ్బాలో పెట్టండి, గడ్డకట్టకుండా నడుమ గుడ్డ చుట్టి. స్లిప్ మీద ‘ఫంగస్ అనుమానం, రకం తేల్చాలి’ అని డాక్టర్‌తో రాయించండి.

రెండోసారీ క్యాండిడానే వచ్చి, బిడ్డకు ఏ బాధా లేకపోతే, పైపు తీసేసి, అక్కరలేని యాంటీబయాటిక్ ఆపేస్తే చాలు, చాలావరకు మందు లేకుండానే పోతుంది. నెలలు నిండని శిశువులకు, తెల్లకణాలు బాగా తగ్గినవాళ్లకు ఈ ఊరుకోవడం చెల్లదు. జ్వరం, మూత్రం పోస్తే మంట ఉన్నవాళ్లకు ఎక్కువగా ఫ్లూకోనజోల్ ఇస్తారు; అది మూత్రంలోకి బాగా దిగుతుంది. బరువును బట్టి మోతాదు, మామూలుగా 2 వారాలు. మంట తగ్గిందని నడుమ ఆపొద్దు. క్యాండిడా క్రూసీ అనే రకం దీనికి లొంగదు, రకం తేల్చమన్నది అందుకే. మూత్రం ఆగిపోతుంటే కిడ్నీలో ఫంగస్ ఉండ కట్టిందేమో స్కానింగ్‌లో చూడాలి. ఫిట్స్ మందు వాడే బిడ్డయితే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి: ఫ్లూకోనజోల్‌తో ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు రక్తంలో పెరిగిపోతుంది. 3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.