చెవితో వెతుకుదాం – 3వ పాఠం: రేకు, ఫ్యాను, ట్రాన్స్‌ఫార్మర్

పోయిన పాఠంలో చప్పుడు ఎటునుంచి వస్తోందో కళ్లు మూసుకుని పట్టడం నేర్చుకున్నాం. ఈసారి కారణం పట్టాలి. దానికి అడగాల్సింది ఒకటే: ఈ చప్పుడు దేన్నిబట్టి మారుతోంది?

ముందు రేకుల ఇల్లు. వరంగల్ ఎండాకాలంలో పొద్దుగూకితే చాలు, పైన టక్, టక్‌మని మొదలవుతుంది. పిల్లి అనుకుంటారు, ఎవరో రాళ్లేస్తున్నారనుకుంటారు. పిల్లలైతే జడుసుకుంటారు, వాళ్ల కోసమైనా ఇది తెలుసుకోవాలి. 5 మీటర్ల ఇనుప రేకు 30 డిగ్రీలు చల్లబడితే దాదాపు 2 మిల్లీమీటర్లు కురచవుతుంది. బోల్టులేమో దాన్ని కదలనివ్వవు. రేకు కాసేపు బిగుసుకుని ఉండి, ఇక ఆగలేక ఒక్కసారిగా జారుతుంది. ఆ జారడమే టక్. అందుకే మొదట్లో వెంటవెంటనే వినిపించి, రేకు చల్లారేకొద్దీ ఎడం పెరుగుతుంది. పిల్లి నడిస్తే అడుగులు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు సాగుతాయి. రేకు చప్పుడు అలా సాగదు, ఇక్కడొకటి, అక్కడొకటి. పొద్దున ఎండ ఎక్కేటప్పుడు కూడా చెవి పెట్టండి, ఇదే చప్పుడు మళ్లీ వస్తుంది. ఈసారి రేకు సాగుతోంది.

ఇక ఫ్యాను. రెగ్యులేటర్ 1 మీదికి తిప్పండి. టిక్ టిక్ కూడా నెమ్మదిస్తే లోపం తిరిగే భాగంలో ఉన్నట్టే. చుట్టుకొకసారి వస్తుంటే ముందు రెక్కల స్క్రూలు చూడండి, మెయిన్ ఆపాకే సుమా. అలా కాకుండా వేగం తగ్గించగానే గుయ్‌మని కొత్త మోత మొదలై, 5 మీద పెడితే పోతోందా? కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటును ముక్కలు చేసి పంపుతాయి, ఆ మోత దానివల్లే. ఫ్యాను పాడైందని టెన్షన్ అక్కర్లేదు.

వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మోత శ్రుతి మాత్రం హన్మకొండలో విన్నా కాజీపేటలో విన్నా ఒకటే. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అంటే 50 సార్లు అటు పారి ఇటు పారుతుంది. ఒక్కో ఆవృత్తిలో లోపలి ఇనుము రెండుసార్లు అణువంత సాగి ముడుచుకుంటుంది కాబట్టి సెకనుకు 100 సార్లు అదురుతుంది. చిటపటమంటే మాత్రం దూరంగా ఉండి లైన్‌మన్‌కు చెప్పండి.

ఇంటిపని: రేపు నల్లా వచ్చినప్పుడు బిందె పట్టి, నిండేదాకా వినండి. శ్రుతి పెరుగుతుందా, తగ్గుతుందా? నీళ్లనిబట్టా, ఖాళీనిబట్టా? రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.