ఇన్ఫోగ్రాఫిక్‌లో అంకెలు సరే, మరి వృత్తాలు కొలిచారా?

సరిచేయమని నా దగ్గరకు వచ్చే ఇన్ఫోగ్రాఫిక్‌లలో (అంకెలను, సమాచారాన్ని బొమ్మలతో చూపేవి) చాలావాటిని, పంపినవాళ్లు ఒక్కసారి కూడా ఫోన్‌లో తెరిచి చూసి ఉండరు. పెద్ద మానిటర్ మీద జూమ్ చేసుకుని డిజైన్ చేస్తారు, అక్కడ బాగుంటే చాలనుకుంటారు. దయచేసి ముందు ఆ బొమ్మను మీ వాట్సాప్‌కే పంపుకుని, వేళ్లతో పెద్దది చేయకుండా చదవండి. ఆ తర్వాతే కింద చెప్పినవి చూడండి.

సమస్య: "చదవలేకపోతున్నాం" అంటున్నారు

ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు దాదాపు 7. మీరు 12 పాయింట్లలో పెట్టిన అక్షరం అక్కడ 4 పాయింట్లకు పడిపోతుంది. అక్షరం పెంచండి. చోటు చాలకపోతే మాటలు తీసేయండి, మళ్లీ అక్షరం తగ్గించొద్దు. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కు సరిపోయినంత ఇస్తే తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' లాంటి మాటల్లోని వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

సమస్య: అంకెలన్నీ కరెక్టే, చూసినవాళ్లకు మాత్రం తప్పుగా అర్థమవుతోంది

అందరినీ ఎక్కువగా ముంచేది ఇదే. ప్రూఫ్ చూసేవాళ్లకు కూడా దొరకదు. ఎందుకంటే వాళ్లు అంకెలు సరిచూస్తారు, ఆకారాలు కొలవరు.

ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాలు, తెలంగాణలో 119. రెండింటికీ చెరో వృత్తం గీయాలి. తెలంగాణ వృత్తం వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుందాం. 175ను 119తో భాగిస్తే 1.47 వస్తుంది కాబట్టి రెండో వృత్తాన్ని 14.7 సెంటీమీటర్లకు లాగుతారు. లెక్క తప్పినట్టే అనిపించదు. కానీ కంటికి ముందు ఆనేది వ్యాసం కాదు, వైశాల్యం. వ్యాసం 1.47 రెట్లయితే వైశాల్యం 2.16 రెట్లవుతుంది. ఒకటిన్నర రెట్లు కూడా లేని తేడా రెండు రెట్లు దాటినట్టు కనిపిస్తుంది. పక్కన 175 అని ఎంత పెద్దగా రాసినా చూసినవాళ్ల మనసులో మిగిలేది ఆ పెద్ద వృత్తమే.

పరిష్కారం: నిష్పత్తికి వర్గమూలం తీసి, దానితో వ్యాసాన్ని గుణించండి. 1.47కు వర్గమూలం దాదాపు 1.21. అంటే రెండో వృత్తం 12.1 సెంటీమీటర్లు ఉండాలి. ఇది చూసి "తేడా కనిపించట్లేదు, ఇంకాస్త పెంచండి" అంటారు. పెంచొద్దు. నిజంగా ఉన్న తేడా అంతే.

మనిషి బొమ్మనో, బియ్యం బస్తా బొమ్మనో మూల పట్టుకుని లాగినా ఇదే జరుగుతుంది. ఎత్తుతో పాటు వెడల్పూ పెరుగుతుంది. దానికి బదులు ఒకే సైజు బొమ్మలు వరుసగా పేర్చి, ఒక్కో బొమ్మ ఎన్నింటికి గుర్తో రాయండి. త్రీడీ పెట్టెలైతే ఇంకా ఘోరం: ప్రతి అంచూ రెట్టింపయితే పెట్టె ఎనిమిది రెట్లవుతుంది. ఎక్సెల్ బబుల్ చార్ట్ (అంకెలను వృత్తాలుగా చూపేది) మామూలుగా వైశాల్యం ప్రకారమే గీస్తుంది కానీ, వెడల్పు ప్రకారం గీసే ఆప్షన్ కూడా అందులో ఉంది. ఏది ఎంచుకుని ఉందో ఒకసారి చూడండి. అసలు పోల్చాల్సినవి రెండు మూడు అంకెలే అయితే వృత్తాలు ఎందుకు? బార్లు గీయండి. పొడవులో తేడాను కన్ను తేలిగ్గా పట్టేస్తుంది.

సమస్య: బార్లు గీసినా తేడా ఎక్కువగా కనిపిస్తోంది

బార్ సున్నా నుంచి మొదలవుతోందా? లేకపోతే సున్నాకు మార్చండి.

అరుదుగా వచ్చేవి

వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, ఇన్‌డిజైన్‌లో (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) వరల్డ్-రెడీ కంపోజర్ అనే ఆప్షన్ ఎంచుకోండి. ప్రింట్‌లో రంగులు మసకబారితే ఫైల్ ఆర్‌జీబీలో (తెర మీద చూపే రంగుల పద్ధతి) ఉందేమో చూసి, సీఎంవైకేకు (ప్రింట్‌కు వాడే రంగుల పద్ధతి) మార్చండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా కొందరికి తెలియదు కాబట్టి ప్రతి రంగు మీదా పేరు రాసేయండి.